నీళ్లు తగిలిన పిండి

ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. బస్సులో కూర్చున్నా నా చేతులు సంచి మూతి ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ ఉంటాయి. ఎవరింటికైనా పోతే, వాళ్లు మాట్లాడుతుండగానే చాప అంచున ఊడిన పోగులు పీకుతూ కూర్చుంటాను. "నీ చేతులకు జీతం మాట్లాడి యాడన్నా పనికి పెట్టాలప్పా" అని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. ఆ చేతులే నన్ను పట్టించాయి. నోరు ఏడాది పాటు జాగ్రత్తగా దాచిన సంగతిని అవి ఒక ఆదివారం పొద్దున నలుగురి ముందూ పెట్టేశాయి.

ఆదోనిలో మూతపడిన జిన్నింగు మిల్లు ఒకటుంది. రేకుల సందుల్లో పాత పత్తి పింజలు ఇంకా అట్లాగే ఇరుక్కొని ఉంటాయి. దాని ఆవరణలో ప్రతి ఆదివారం ఒక సంత జరుగుతుంది. మామూలు సంత కాదు. పురుగుమందు కొట్టని కూరగాయలు, గానుగ నూనె, కొర్రలు, సజ్జలు, ఇంట్లో పెట్టిన పచ్చళ్లు అమ్ముతారక్కడ. షుగరు ఉన్నవాళ్లూ, షుగరు వస్తుందేమోనని భయపడేవాళ్లూ గుడ్డసంచులు పట్టుకొని వస్తారు. ఊళ్లోని చదువుకున్నవాళ్లు కొందరు కలిసి నడిపే సంత అది. వాళ్లకు పెద్ద, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక సారు. ఎవరి మీదా గొంతు పెంచడు, అందరినీ అమ్మా అనే పిలుస్తాడు. మంచి మనిషి. వెటకారంగా అనడం లేదు, నిజంగానే మంచి మనిషి. అందుకే ఆయన మీద నాకున్న కోపం ఎటు చూపించాలో తెలియక ఇంత కాలం పట్టింది.

ఆ సంతలో ఒక నియమం ఉంది. ప్లాస్టిక్ వద్దు, కాగితం కప్పులు కూడా వద్దు. తినేది స్టీలు పళ్లెంలో, తాగేది స్టీలు గ్లాసులో. భూమికి మంచిదంట. మంచిదే కావచ్చు. కానీ నాలాంటివాళ్లకు కాగితం కప్పు ఎంత పెద్ద మేలు చేసిందో ఆ సారుకు తెలియదు. తాగి, నలిపి పారేస్తే అయిపోయేది. ఎవరి గ్లాసు ఏది అనే మాటే ఉండేది కాదు.

నేను పుట్టింది గోనెగండ్ల పక్కన ఒక చిన్న ఊళ్లో, ఊరికి ఎడంగా ఉండే వాడలో. మేము మాదిగలం. ఇంటర్ దాకా చదివాను. పెళ్లయ్యాక ఎమ్మిగనూరు వచ్చాం. మా ఆయన ఆటో తోలుతాడు. మా ఊళ్లో ఎకరా కౌలుకు చేస్తాం, జొన్న ఒక్కటే వేస్తాం. ఎమ్మిగనూరు బస్టాండు పక్కన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్మేదాన్ని. ఆటోవాళ్లు, హమాలీలు తినేవాళ్లు. వాళ్లు అడిగేది ఒకటే మాట: "అక్కా, కారం ఇంకా రొంత ఎయ్యి." ఏ కులమని ఎవరూ అడగలేదు. ఆకలి మీదున్నవాడికి ఆ ప్రశ్న గుర్తు రాదు.

ఎమ్మిగనూరులో ఇల్లు అద్దెకు వెతికేటప్పుడు మాత్రం ఆ ప్రశ్నను గడప గడపలో విన్నాను. నేరుగా అడగరు. "ఏ ఊరు?" అంటారు. చెప్తే, "ఊళ్లో ఏ వీధి?" అంటారు. వీధి చెప్తే చాలు, మేనమామ కొడుకు వస్తానన్నాడనీ, సున్నం కొట్టించాలనీ ఏదో ఒకటి అడ్డం వస్తుంది. మూడు ఇళ్ల దగ్గర నిజం చెప్పాను. నాలుగో ఇంటి దగ్గర "రైతులం" అన్నాను. తాళంచెవి చేతికిచ్చారు. కౌలు రైతు కూడా రైతే కదా, అబద్ధం ఎక్కడుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆదోని సంతలో పొయ్యి పెట్టిన మొదటి ఆదివారం కూడా అదే మాట అన్నాను. అడిగింది ఒక పెద్దావిడ. పల్లెబడుల్లో ముప్పై ఏళ్లు టీచరుగా చేసి రిటైరైందట. మంత్రాలయం వైపు వాళ్లు, ఇంట్లో మడీ ఆచారం ఉన్న మనిషి. నేను రొట్టె తడుతుంటే ఎదురుగా నిలబడి చేతులనే చూసింది.

"ఎవరమ్మాయి మీరు?"

"రైతులమమ్మా. గోనెగండ్ల పక్క."

"అదీ. రైతు బిడ్డవి కాబట్టే ఆ చెయ్యి అట్లా తిరుగుతోంది" అని స్టూలు లాక్కొని కూర్చుంది.

జొన్నరొట్టె చేయడం చూసేవాళ్లకు ఆటలా ఉంటుంది గానీ, పిండి మాట వినదు. గోధుమపిండిలా సాగదు. మరిగే ఎసరు పోసి, వేడి మీదే పిసకాలి. ఆరితే పగులుతుంది. పీట మీద అరచేత్తో తడుతూ తిప్పుతూ పల్చగా చేసి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లు తుడవాలి. అప్పుడు తిప్పి మంట మీద పెడితే పొంగుతుంది. కర్ర వాడను, మిషను వాడను, అంతా చెయ్యే. ఆ పెద్దావిడ మొదటి తునక నోట్లో పెట్టుకొని కళ్లు మూసుకుంది. చిన్నప్పుడు వాళ్ల నాయన ఉద్యోగం మీద ఏదో పల్లెలో ఉన్నప్పుడు పక్కింటివాళ్లు చేసిన రొట్టె వాసన గుర్తొచ్చిందంట.

"నీ చేతిలో ఏముందో గానీ, నా కోడలు నెల రోజులుగా తంటాలు పడుతోంది, ఒక్కటి పొంగదు" అంది.

అప్పటినుంచి ఏడాది పాటు ప్రతి ఆదివారం ఆమెదే బోణీ. ఆమె తిని, ఇంటికి నాలుగు కట్టించుకొని పోతే, పది గంటలకల్లా నా పిండి అయిపోయేది. ఏ వారమైనా ఆమె రావడం ఆలస్యమైతే, ముందొచ్చినవాళ్లను కూడా కాసేపు మాటల్లో పెట్టి ఆపేదాన్ని. ఆమె చెయ్యి నాకంత కలిసొచ్చింది. మా అమ్మ పోయి ఆరేళ్లు. ఆమె స్టూలు మీద కూర్చొని "ఎండలో నల్లబడిపోతున్నావు, టోపీ పెట్టుకో" అని కసురుతుంటే నాకు హాయిగా ఉండేది. దాచడం ఎందుకు, ఆమె నాకు ఇష్టం.

కానీ ఆ ఏడాదిలో ఒక్క ఆదివారం కూడా నేను నిమ్మళంగా లేను. గోనెగండ్ల యాస వినిపిస్తే చాలు, మా ఊరివాళ్లెవరన్నా వచ్చారేమోనని తల దించుకొని పొయ్యిలోకి చూసేదాన్ని. సంతలో టీ అమ్మే పిల్ల ఒకామె ఉంది. పిల్ల అంటే పిల్ల కాదు, ఇద్దరు బిడ్డల తల్లి, నాకన్నా పదేళ్లు చిన్న. ఆస్పరి వైపు మనిషి. నన్ను అక్కా అంటుంది, నేను అమ్మీ అంటాను. ఆమె దగ్గర నలభై స్టీలు గ్లాసులుండేవి. తాగినవాళ్లు గ్లాసును పక్కనున్న నీళ్ల టబ్బులో వేసేస్తే ఆమె కడిగి, చెక్క మీద బోర్లించేది. నేను మాత్రం ఇంటినుంచి నా గ్లాసు తెచ్చుకునేదాన్ని. "నా గ్లాసు పెద్దది అమ్మీ, నిండా పొయ్యి" అని నవ్వేదాన్ని. ఆమె కూడా నవ్వి పోసేది.

ఉగాది పోయిన తర్వాతి ఆదివారం నా గ్లాసు ఇంట్లో మర్చిపోయాను.

ఆ పొద్దున టీ బండి దగ్గర అందరం నిలబడి ఉన్నాం. పెద్దావిడ, సారు, నూనె అమ్మే ఇద్దరు ముగ్గురు. టీ పిల్ల కైరుప్పల జాతరలో ఒకరి మీద ఒకరు విసురుకునే పిడకల కొట్లాట గురించి కథలు కథలుగా చెప్తోంది. ఆమె మరిదికి పిడక తగిలి నుదురు బొప్పి కట్టిందంట. "తగిలితే మంచిదంటారుమ్మా, దేవుడు సల్లంగా సూస్తాడంట. మా మరిదైతే ఎగిరెగిరి ఎదురుబోయినాడు" అంటుంటే పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. నా చేతికి స్టీలు గ్లాసు ఇచ్చారు. తాగాను. నేనూ నవ్వుతున్నాను. ఏడాదిలో ఎప్పుడూ అంత నిర్భయంగా నవ్వలేదనుకుంటాను.

తాగడం అయిపోయింది. మాటలు సాగుతున్నాయి. నా చెయ్యి పక్కనున్న చెంబు అందుకుంది. గ్లాసులో నీళ్లు పోసి, వేళ్లు పెట్టి తిప్పి కడిగింది. ఆ నీళ్లు దూరంగా పారబోసింది. నాలుగు అడుగులు పక్కకు నడిచి, రేకుల గోడ వారన నేల మీద ఆ గ్లాసును బోర్లించింది.

నా చెయ్యి చేసిందని ఎందుకంటున్నానంటే, నేను చేయలేదు. చేసి నిలబడ్డాక గానీ నాకు తెలియలేదు.

మా ఊళ్లో హోటలుకు చూరు ఉండేది. ఆ చూరులో మా వాడవాళ్ల గ్లాసులు దోపి ఉండేవి. మనమే తీసుకోవాలి, పైనుంచి పోస్తే పట్టుకోవాలి, తాగి మనమే కడగాలి, మళ్లీ బోర్లించాలి. ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి కడగకుండా పెట్టి ఆటకు పరిగెత్తాను. మా అమ్మ జుట్టు పట్టుకొని వెనక్కి లాక్కొచ్చి వీపు మీద చరిచింది. హోటలాయన తిట్టకముందే తను కొట్టేస్తే ఆ తిట్టు తప్పుతుందని ఆమె లెక్క. పాపం, ఆమెకు తెలిసిన కాపుదల అదొక్కటే. ఆ దెబ్బ వీపు మీద మానిపోయింది గానీ చేతిలో ఉండిపోయింది.

నూనె అమ్మేవాళ్లు చూడను కూడా లేదు. కానీ పెద్దావిడ చూసింది. ముప్పై ఏళ్లు పల్లెల్లో పనిచేసిన మనిషి. గ్లాసును అట్లా కడిగి, అంత దూరంగా, అట్లా బోర్లించేది ఎవరో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె నవ్వు ఆగిపోయింది. నా పొయ్యి దగ్గరికి వచ్చి, స్టూలు మీద కూర్చోకుండా నిలబడే అడిగింది.

"మీది ఊళ్లోనా, ఊరి బయటా?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగానే ఉంది. ఏడాది పాటు పనిచేసిన అబద్ధం. ఆ ముఖం చూస్తే ఎందుకో రాలేదు.

"బయటేనమ్మా. మాదిగోళ్లం."

"అట్లానా" అంది. "దానికేముందిలే. ఎవరైతే ఏం, మనుషులమే కదా" అంది. సంచి భుజాన సర్దుకొని నడిచిపోయింది. ఆమె కోసం కట్టి పెట్టిన నాలుగు రొట్టెలు నా పీట పక్కనే ఉన్నాయి. మర్చిపోయిందని నేను అనుకోవాలని ఆమె ఆశ. నేనూ అట్లాగే అనుకోవాలని చూశాను. సంత అయ్యేదాకా ఆ పొట్లం విప్పలేదు.

మరుసటి ఆదివారం ఆమె బోణీకి రాలేదు. నా ముందునుంచే నడిచిపోయి పచ్చళ్ల దగ్గర ఆగింది. నన్ను చూసి తల కూడా ఊపింది. రొట్టెలు సగం మిగిలాయి. ఆ పై వారం ఇంకా ఎక్కువ మిగిలాయి. ఎవరితో ఎవరు ఏం చెప్పారో నాకు తెలియదు, తెలుసుకొని చేసేదీ లేదు. మూడో వారం సారు నన్ను పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, నాకైతే ఈ పట్టింపులు లేవు. నీకు తెలుసు కదా."

"తెలుసు సార్."

"కానీ వచ్చేవాళ్లు పాతకాలం మనుషులు. వాళ్లను మనం మార్చలేం. నువ్వొక పని చెయ్యి. నీ జొన్నపిండి చాలా బాగుంటుంది. రొట్టె మానేసి పిండి అమ్ము. నీళ్లు తగలకపోతే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

ఆ చివరి మాట ఆయన ఎంత మెల్లగా, ఎంత ఇదిగా అన్నాడో చెప్పలేను. నాకోసం ఒక దారి కనిపెట్టానన్న తృప్తి ముఖంలో కనిపిస్తోంది. అప్పుడే పెనం మీదినుంచి తీసిన రొట్టె ఒకటి పళ్లెంలో పెట్టి ఆయన ముందుకు చాపాను.

"మీకు పట్టింపు లేదు కదా సార్. తినండి."

ఆయన వాచీ చూసుకున్నాడు. "ఈరోజు ఒక్కపొద్దు అమ్మా" అన్నాడు. ఆయన మీసం మీద మిరపకాయ బజ్జీ నూనె ఇంకా మెరుస్తూనే ఉంది.

పిండి అమ్మాను. ఏం చేస్తాను మరి? ఆదోనికి బస్సులో పెనం, గ్యాసుపొయ్యి మోసుకొచ్చే బాధ తప్పింది. మా ఆయన సంతోషపడ్డాడు కూడా. "సెయ్యి కాలకుండా, నడుము నొప్పి లేకుండా అమ్ముడుపోతాంది. ఇంకేం గావాల నీకు?" అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే ఆ రోజు ఆయనతో గట్టిగా కొట్లాడాను.

పిండి నిజంగానే బాగా పోయేది. పెద్దావిడ మళ్లీ వచ్చింది. "నీ పిండి మెత్తగా ఉంటుంది. రెండు కేజీలు కట్టు" అని నవ్వుతూ సంచి పట్టింది. నేను దోసిలితో తీసి పోశాను, ఆమె వద్దనలేదు. ఆ జొన్నలు విత్తింది మేము, కోసింది మేము, రాళ్లేరింది నేను, చెరిగింది నేను, మర పట్టించి జల్లెడ పట్టింది నేను. నా చెమట ఎన్నిసార్లు అందులో పడిందో నాకే తెలియదు. అదంతా ఆమెకు ఫర్వాలేదు. చెంబెడు నీళ్లు పోసి పిసికితే మాత్రం ఆ పిండిలోకి నా కులం దిగుతుంది. ఎట్లా దిగుతుంది, ఏ దారిన దిగుతుంది అని రోజంతా అదే ఆలోచన. కూర్చోలేను, నిలబడలేను. తూకం పళ్లేలు తుడిచినవే తుడుస్తూ ఉండేదాన్ని. ఇంటికి పోతే ఉతికిన బట్టలే మళ్లీ ఉతికేదాన్ని. గోడకు తగిలించిన పెనం కళ్లబడితే ముఖం తిప్పుకొనేదాన్ని. నాకు రొట్టె తట్టడం కావాలి. అరచేతుల కింద వేడి పిండి తిరగడం కావాలి. ఎవరన్నా నా ముందు కూర్చొని తినడం కావాలి. ఇంకేదో పెద్ద మర్యాద కాదు నేను కోరింది.

పిండి అమ్మడం మొదలెట్టిన మూడో ఆదివారం. టీ పిల్ల నాకు గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఇప్పుడింక దాచడానికేముందని నేను ఇంటినుంచి గ్లాసు తేవడం మానేశాను. కడగడం మాత్రం మానలేదు, అది మానితే మానేది కాదు. తాగి, కడిగి, బోర్లించాను. గ్లాసు అడుగున ఎర్రటి చుక్క కనిపించింది. గోళ్ల రంగు. టీ పిల్ల గోళ్ల మీద ఉన్న రంగే. చెక్క మీద బోర్లించిన మిగతా గ్లాసులు చూశాను. వేటికీ చుక్క లేదు.

"ఇదేంది అమ్మీ?"

ఆమె తల ఎత్తలేదు. "గుర్తుకక్కా."

"ఎవరి గుర్తు?"

"నన్నేం సెయ్యమంటావక్కా? ఆమె తాగిన గ్లాసు ఏదని ఎవురో అడిగినారు. మల్లా టీ తాగడం మానుకుంటే నా గతేంది? ఇద్దరు పిల్లోళ్లు నాకు." కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకు. "నాకేం లేదక్కా నీ మీద. ఒట్టు."

పెద్దావిడ రొట్టె మర్చిపోయి పోయినప్పుడు నేను ఏడవలేదు. సారు పిండి అమ్ముకోమన్నప్పుడు ఏడవలేదు. ఆ ఎర్రచుక్క చూసి ఏడ్చాను. వాళ్లిద్దరూ ఎక్కడో ఎత్తున ఉన్నవాళ్లు. ఈ పిల్ల నా పక్కన నేల మీద కూర్చొని నా రొట్టె తుంచుకొని తిన్న మనిషి. దాని చంటిబిడ్డ జ్వరంతో ఉంటే రెండు ఆదివారాలు దాని బండి కూడా నేనే చూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం బస్సులో కూర్చోలేకపోయాను. సీటు ఉన్నా కమ్మీ పట్టుకొని నిలబడ్డాను. "కూసోమ్మా, ఎందుకు తిరుగుతాండావు?" అని కండక్టరు రెండుసార్లు కసిరాడు. ఎమ్మిగనూరులో మా వీధికి ముందే దిగిపోయి నడిచాను. గాజులు, రిబ్బన్లు అమ్మే కొట్టు ముందు కాళ్లు ఆగాయి. గోళ్లకు వేసే ఎర్రరంగు సీసా అడిగాను.

"ఫంక్షనా అక్కా?" అంది కొట్టులో అమ్మాయి.

"ఔ. పెద్ద ఫంక్షను" అన్నాను.

తర్వాతి ఆదివారం మొదటి బస్సుకే ఆదోని చేరాను. పొయ్యి, పెనం, పీట అన్నీ తెచ్చాను. మిల్లు ఆవరణలో ఇంకా ఎవరూ రాలేదు. టీ పిల్ల ఒక్కతే బండి సర్ది, నీళ్లకు గేటు దగ్గరి కుళాయికి పోయింది. నలభై గ్లాసులూ చెక్క మీద వరసగా బోర్లించి ఉన్నాయి, అడుగులన్నీ ఆకాశం వైపు. సీసా మూత తిప్పాను. ముందే చుక్క ఉన్న నా గ్లాసును వదిలి, మిగతా అన్నిటికీ ఒక్కో చుక్క. నా చేతులు తొందర పడలేదు. జీవితంలో మొదటిసారి అవి నేను చెప్పిన పని మాత్రమే చేశాయి. చివరి చుక్క పెట్టేసరికి మొదటిది ఆరింది.

తర్వాత నా చోటికి పోయి పొయ్యి వెలిగించాను. ఎసరు మరిగింది. తెచ్చిన పిండంతా బేసినులో పోసి, దాని మీద ఎసరు కుమ్మరించాను. ఒక్క గుప్పెడు కూడా పొడిగా మిగల్చలేదు.

సారు వచ్చి చూసి ఆగిపోయాడు. "పిండి అనుకున్నాం కదమ్మా?"

"అనుకున్నది మీరు సార్."

"నీ మంచికే చెప్పాను."

"నన్ను తీసేయాలంటే తీసేయండి సార్. ఎందుకు తీసేస్తాండారో ఒక కాయితం మీద రాసియ్యండి. ఇంటర్ సదివినాను, సదువుకుంటాను."

ఆయన ముఖం ఎర్రబడింది. అందరం కూర్చొని మాట్లాడుకోవాలి అన్నాడు. "మాట్లాడుకోండి సార్, ఆలోపల నాలుగు రొట్టెలు తడతా" అన్నాను. ఆయన గానుగ నూనె వైపు పోయాడు.

పెద్దావిడ వచ్చేసరికి ఎండ రేకుల మీదికి ఎక్కింది. ముందు టీ బండి దగ్గర ఆగింది. నేను రొట్టె తడుతూ అటే చూస్తున్నాను. టీ పిల్ల గ్లాసు తీసి అలవాటుగా అడుగు చూసింది. పెట్టేసి ఇంకొకటి తీసింది. ఇంకొకటి. నాలుగో గ్లాసు పట్టుకొని నా వైపు తిరిగింది. నేను చూపు తిప్పుకోలేదు. ఇప్పుడు ఆ పిల్ల ముందు రెండే దారులు. ఈ గ్లాసుల్లో ఏదో ఒకటి ఆ రొట్టెలక్కదమ్మా, ఏదో తెలియడం లేదు అని పెద్దావిడతో పైకి చెప్పాలి. లేదంటే పోయాలి. పైకి చెప్పాలంటే, తను చుక్క పెట్టిన సంగతి కూడా చెప్పాలి. అది చెప్పడానికి సిగ్గనిపించిందో, నా మీద జాలి కలిగిందో, బేరం పోతుందని భయమేసిందో నాకు తెలియదు. పోసింది. పెద్దావిడ ఊదుకుంటూ తాగి, బాగుందంది.

తర్వాత నా దగ్గరికి వచ్చింది. "రెండు కేజీలు పిండి కట్టు అమ్మాయి."

"పిండి లేదమ్మా. నీళ్లు తగిలినాయి. రొట్టె ఉంది."

అప్పుడే ఒక రొట్టె మంట మీద పొంగింది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు తెలుసు, ఏడాది పాటు చూసిన చూపే. స్టూలు ఆమె పక్కనే ఉంది. కూర్చోమ్మా అని నోటిదాకా వచ్చింది, అనలేదు. ఆమె కూర్చుంటే అన్నీ మర్చిపోయేదాన్నే, అంత ఆశ ఉంది నాకు.

"వచ్చే వారం పిండి తెస్తావా?" అంది.

"తేనమ్మా."

తల ఊపి వెళ్లిపోయింది. ఆమె కోడలికి రొట్టె పొంగదన్న మాట నాకు గుర్తొచ్చింది. బాధేసింది, దాన్ని కాదనను. పెద్దమనిషి ఖాళీ సంచితో పోతుంటే వెనకనుంచి చూడలేకపోయాను.

బోణీ కావడానికి చాలాసేపు పట్టింది. మిల్లు కాపలా ఆయన వచ్చి రెండు తిన్నాడు. ఎవరో కొత్త దంపతులు వచ్చి ఏమీ అడగకుండా కూర్చొని తిన్నారు. మొత్తం పదకొండు పోయాయి. మిగిలినవి ఎమ్మిగనూరు ఆటోస్టాండుకు తీసుకుపోతే సాయంత్రానికల్లా కనిపించవని నాకు తెలుసు. కానీ నాకు కావలసింది ఇక్కడ అమ్మడం. వచ్చే ఆదివారం నా చోటు ఉంటుందో లేదో కూడా తెలియదు.

సంత సర్దేవేళకు టీ పిల్ల గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. ముఖం మాడ్చుకొని ఉంది.

"నా గ్లాసులన్నీ పాడు సేసినావు గదక్కా."

"పాడైనాయా?"

ఆమె నా పక్కన చతికిలబడి, పళ్లెంలో చల్లారిన రొట్టె అంచు తుంచి నోట్లో వేసుకుంది. నేను టీ తాగాను. అయిపోగానే నా చెయ్యి లేచి చెంబు వైపు పోయింది. అరచెయ్యి దురద పెట్టినట్టు, వేళ్లు వాటంతటవే ఒంగాయి. రెండో చేత్తో ఆ మణికట్టు పట్టుకున్నాను. లేచి, టబ్బు దాకా నడిచి, ఎంగిలి గ్లాసును అట్లాగే అందరి గ్లాసుల మధ్యన వదిలాను. అది మునిగింది. టీ పిల్ల వచ్చి చీర దోపుకొని, టబ్బులో చేతులు పెట్టి ఒక్కొక్కటే కడగడం మొదలుపెట్టింది. నేను అక్కడే నిలబడి చూశాను. అన్నిటి అడుగునా ఎర్రచుక్క. నాది ఏదో ఆమెకు తెలియలేదు. నాకూ తెలియలేదు.